ఎనభై అడుగుల తీగ

తాతయ్యకు మనుషుల మొహాలు గుర్తుండవు, స్తంభాలు గుర్తుంటాయి. పాత పెళ్లి ఫోటో ఒకటి ముందు పెట్టి ఇదెవరు తాతయ్యా అని అడిగితే, పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ వదిలేసి వాళ్ల వెనకాల ఉన్న టెలిఫోన్ స్తంభం మీద వేలు పెడతాడు. "ఇది నేను పాతిందే. కింద బండ తగిలింది, రెండు రోజులు పట్టింది" అంటాడు. ఇంతకీ ఆ ఫోటో ఆయన సొంత పెళ్లిదే.

పూర్తి పేరు కొండల్ రావు. ఖమ్మం జిల్లాలో ముప్పై ఆరేళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా తిరిగి రిటైరయ్యాడు. 2006 ఆగస్టులో నానమ్మ అనంతలక్ష్మితో కలిసి ఆరు నెలలు ఉండిపోదామని నార్త్ కరొలైనాలోని క్యారీకి, కొడుకు ఫణికుమార్ ఇంటికి వచ్చాడు. కారు కాలనీలోకి తిరగగానే అద్దంలోంచి అటూ ఇటూ చూసి పెదవి విరిచాడు.

"ఏం ఊరురా ఇది? ఒక్క స్తంభం లేదు."

"అన్ని వైర్లూ అండర్‌గ్రౌండ్ నాన్నా."

"భూమిల పెడితే యాడ తెగిందో ఎట్ల తెలుస్తదిరా?"

తెగదు నాన్నా అన్నాడు ఫణి. తెగని తీగ అనేది ఒకటి ఉంటుందంటే తాతయ్య నమ్మలేదు. వారం రోజులు వాకింగ్‌కు వెళ్లినప్పుడల్లా ఎక్కడైనా ఒక స్తంభం కనిపిస్తుందేమోనని వెతికాడు. చివరికి పెద్ద రోడ్డు మీద ఒకటి దొరికింది. దాన్ని తట్టి చూసి, కొంచెం వాలి ఉందని తేల్చి, ఇంటికి వచ్చి తృప్తిగా కాఫీ తాగాడు.

ఆయన వెంట తెచ్చుకున్న సామాన్లలో లెక్కకు వచ్చేవి రెండే. ఒకటి లుంగీల మధ్య చుట్టి తెచ్చిన, దూరదేశాల స్టేషన్లు కూడా పట్టే షార్ట్‌వేవ్ రేడియో. రెండోది ఎర్ర రంగు అలారం గడియారం. ఆ గడియారం ఎప్పుడూ ఇండియా టైమే చూపించాలి. తాతయ్య అన్నం తినేది అమెరికా గడియారం ప్రకారం, బతికేది మాత్రం ఎర్ర గడియారం ప్రకారం. ఇక్కడ పొద్దున టిఫిన్ ముందు కూర్చుని దాని వంక చూసి "మన బజార్ల ఇప్పుడు మిర్చిబజ్జీలు దిగుతుంటయి" అనేవాడు. కోడలు అలేఖ్య ఓట్స్ గిన్నె ఆయన ముందుకు జరిపేది.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం నానమ్మ ఫోన్ కార్డు గీకి బెజవాడలో ఉన్న చెల్లెలు పద్మకు ఫోన్ చేసింది. రెండు నిమిషాలు మాట్లాడి, పక్కనున్న కుర్చీ చూసుకోకుండానే కూర్చోబోయి నేల మీద కూర్చుంది. తాతయ్య గాభరాపడి ఫోన్ లాక్కున్నాడు.

పద్మ చెప్పిన సంగతి ఇది. రేడియో స్టేషన్‌లో పనిచేసి రిటైరైన సత్యం గారికి పాత టేపుల గుట్టలో అక్క పాడిన పాట ఒకటి దొరికిందట. పరాయి దేశాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసం ఆకాశవాణి రోజూ అరగంట తెలుగులో ప్రసారం చేస్తుంది కదా, అందులో పాత పాటల వంతు వచ్చినప్పుడు, అక్టోబరు ఇరవై తొమ్మిది ఆదివారం, ఆ పాట వేస్తారట. ఇండియాలో సాయంత్రం అయిదూ ముప్పావుకు మొదలు. టేపు చాలా పాడైంది, ఒకసారి ఆడితే మళ్లీ ఆడుతుందన్న నమ్మకం లేదని సత్యం గారు అన్నారట.

నానమ్మ పాట పాడిందన్న మాటే ఆ ఇంట్లో సగంమందికి తెలియదు. పెళ్లికి ముందు ఆమె బెజవాడ కేంద్రంలో లలిత సంగీతం ఆడిషన్‌లో నెగ్గి నాలుగుసార్లు పాడింది. అప్పట్లో చాలా మటుకు పాడుతుండగానే ప్రసారమైపోయేది. ఊరంతా అరుగుల మీద రేడియో చుట్టూ చేరి అనంతలక్ష్మి గొంతు విన్నారు. ఆ సమయానికి అనంతలక్ష్మి స్టూడియోలో మైకు ముందు ఉండేది కాబట్టి ఆమె ఒక్కతే వినలేదు. రేడియోలో తన గొంతు ఎలా ఉంటుందో ఆమెకు ఈనాటికీ తెలియదు.

"బావగారూ, మీరు అంత దూరంలో ఎలా వింటారు? ఆ టైముకు ఫోన్ చేయండి, నేను రిసీవరు రేడియో పక్కన పెడతాను. అక్క వింటుంది" అంది పద్మ.

ముప్పై ఆరేళ్లు టెలిఫోన్ తీగలు లాగిన మనిషి ఎగిరిపడ్డాడు. "ఫోన్‌ల పాటేంది పద్మా? డబ్బాల గులకరాళ్లు వేసి ఊపినట్టుంటది. గాలిల వచ్చేది గాలిలనే వినాలె. మీ అక్కకు నేను ఇనిపిస్తా. నువ్వేం ఫికరు పడకు."

అంత గట్టిగా ఎందుకన్నాడో ఆయనకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

1972లో, పెళ్లయిన పది నెలలకు, టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ చిరునామాకు నానమ్మ పేరున ఒక గోధుమరంగు కవరు వచ్చింది. అద్దె ఇళ్లు మారుతుంటారని రేడియోవాళ్లకు ఆ చిరునామా ఆమే ఇచ్చింది. తాతయ్య విప్పి చదివాడు. ఆగస్టు పద్దెనిమిది, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు రికార్డింగుకు రావాలని ఉంది. ఇంకా ఎనిమిది రోజుల గడువు ఉంది. బెజవాడ వెళ్లాలంటే అమ్మ ఏమంటుందో, ఎవరిని తోడు పంపాలో, రేపు ఇద్దాంలే అనుకుని పనిముట్ల సంచిలో పటకారు కింద పెట్టాడు. రేపు ఎల్లుండి అయింది. ముసురు పట్టింది, మున్నేరు పొంగింది, లైన్లు తెగిపడ్డాయి. ఆయన పది రోజులు స్తంభాల మీదే ఉన్నాడు. తిరిగి వచ్చి సంచి విప్పితే కవరు తడిసి ముద్దయి ఉంది, తేదీ దాటిపోయింది.

ఆయన దాన్ని చించి మున్నేట్లో వేశాడు. ఆ తరవాత రేడియో వాళ్లనుంచి ఏ కవరూ రాలేదు. నానమ్మ రెండేళ్లు ఎదురుచూసింది. తన గొంతు వాళ్లకు నచ్చలేదు కాబోలనుకుని హార్మోనియం పద్మకు ఇచ్చేసింది. వానదే తప్పు అని తాతయ్య ముప్పై నాలుగేళ్లుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు. కవరు వచ్చిన నాడు వాన లేదన్న సంగతి ఆయనకు ఎప్పుడూ గుర్తు రాకుండా ఉండలేదు.

అందుకే ఆ పాట నానమ్మ చెవిన పడాలి. ఆయనే పడేయాలి.

ఫణి కంప్యూటర్‌లో వెతికాడు. ఆ అరగంట ఇంటర్నెట్‌లో దొరకలేదు. తాతయ్యకు అది శుభవార్తలా వినిపించింది. రేడియోకున్న చిన్న ఏరియల్‌తో ఇంత దూరం అందదని, బారుగా తీగ కట్టాలని, వెంటనే కొడుకుతో కారు తీయించాడు. హార్డ్‌వేర్ షాపులో తొడుగున్న రాగితీగ వంద అడుగుల చుట్ట, నైలాన్ తాడు, చిన్న కప్పీ కొన్నారు. కౌంటర్ దగ్గర అమ్మాయి ఏం ప్రాజెక్ట్ అని ఇంగ్లీషులో అడిగితే "వైఫ్ సాంగ్" అన్నాడు తాతయ్య. ఆమెకేం అర్థమైందో, ఆల్ ది బెస్ట్ చెప్పింది.

తీగ ఒక కొస మేడమీద వాళ్ల గది కిటికీ దగ్గర. రెండో కొసకు చెట్టు కావాలి. ఫణి పెరట్లో ఉన్నవి నడుమెత్తు మొక్కలు. పక్కింటి ఎర్ల్ పెరట్లో మాత్రం ఆకాశాన్ని గోకుతున్న పైన్ చెట్టు ఉంది. ఎర్ల్ డెబ్బై ఏళ్ల ఒంటరి మనిషి. చేపలు పట్టడం ఆయన పని, పట్టిన చేపల గురించి చెప్పడం కాలక్షేపం. ఆయన దక్షిణాది యాస తాతయ్యకు ఒక్క ముక్క అర్థం కాదు, తాతయ్య ఖమ్మం ఇంగ్లీషు ఆయనకు అంతకన్నా అర్థం కాదు. అందువల్ల ఇద్దరి మధ్యా ఏనాడూ మాట తేడా రాలేదు.

తాతయ్య చుట్ట చూపించి, చెట్టు చూపించి, చెవి చూపించి, చివరికి వంటింటి కిటికీలో కనిపిస్తున్న నానమ్మను చూపించాడు. ఎర్ల్ తల ఊపి లోపలికి వెళ్లి గేలం కర్ర తెచ్చాడు. సీసం గుండు కట్టిన దారాన్ని ఒక్క విసురు విసిరితే నలభై అడుగుల ఎత్తున కొమ్మ మీదుగా పోయి అవతల పడింది. దారానికి తాడు కట్టి లాగారు, తాడుకు కప్పీ, కప్పీలోంచి తీగను పట్టి ఉంచే ఇంకో తాడు. తాతయ్య ఆ రోజు తన సర్వీసు మొత్తంలో చూసిన లైన్‌మన్లలో ఎర్ల్‌ను మూడో స్థానంలో పెట్టాడు. మొదటి స్థానం ఎవరిదో ఎవరూ అడగలేదు.

గాలికి చెట్టు ఊగితే తీగ తెగకుండా, కప్పీ అవతలి తాడుకు నీళ్లు నింపిన ఖాళీ పాల డబ్బా వేలాడదీశాడు. చెట్టు అటు వంగితే డబ్బా పైకి పోతుంది, ఇటు వస్తే కిందకు దిగుతుంది. తీగ బిగువు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. నానమ్మ బయటికి వచ్చి నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"ఈ దిష్టిబొమ్మ ఏమిటండీ?"

"దిష్టిబొమ్మ గాదే, బ్యాలెన్సు."

"పాలు అయిపోగానే డబ్బా పారేయొద్దన్నది దీనికోసమా? నేనింకా పొదుపు నేర్చుకున్నారేమో అనుకున్నాను."

ఎనభై అడుగుల తీగ పైన్ చెట్టు నుంచి కిటికీ దాకా సన్నగా సాగింది. కిటికీ సందులోంచి లోపలికి తీసి, చివర తొడుగు ఒలిచి, రేడియో ఏరియల్‌కు క్లిప్పుతో తగిలించాడు. ఇండియాలో అయిదూ ముప్పావు అంటే ఇక్కడ ఉదయం ఎనిమిదింపావు. రోజూ ఆ వేళకు ఎర్ర గడియారం అయిదూ ముప్పావు చూపించగానే రేడియో ముందు కూర్చునేవాడు. మొదటి రోజు మరుగుతున్న నూనె చప్పుడు తప్ప ఏమీ రాలేదు. రెండో రోజు ఎవరో చైనావాళ్లు గట్టిగా పోట్లాడుకున్నారు. ఫణి ఆఫీస్‌కి వెళ్తూ "నాన్నా, సిగ్నల్ ఇటు డైరెక్ట్ చేయలేదు కదా, ఏషియా వైపు బీమ్ చేస్తారు" అని నచ్చజెప్పబోయాడు.

"బీము లేదు ఏం లేదు. వస్తది. భూమి గుండ్రంగా ఉంది గదరా, యాడికి పోతది?"

ఆరో రోజు ముల్లును వెంట్రుకవాసి జరిపితే, గులకల కింద నీళ్లు పారినట్టు ఒక మగగొంతు వార్తలు చదువుతోంది. తెలుగు. తాతయ్య వేసిన కేకకు నానమ్మ దోశల పిండి చేతులతోనే మెట్లెక్కి వచ్చింది. ఇద్దరూ రేడియోకు చెరో వైపు చెవి పెట్టారు. వరి మద్దతు ధర గురించి ఏదో వచ్చింది. వాళ్లకు వరిపొలం లేదు. అయినా ఆఖరి మాట దాకా విన్నారు.

"వస్తుందండీ" అంది నానమ్మ. అనేసి ఎందుకో సిగ్గుపడి కిందికి వెళ్లిపోయింది. ఆ రోజు వంటింట్లో గిన్నెల చప్పుళ్ల మధ్య ఒక కూనిరాగం వినపడి తాతయ్య మెట్ల మీదే ఆగిపోయాడు. చప్పుడైతే ఆపేస్తుందని కదలకుండా నిలబడ్డాడు. మోకాలు నొప్పెట్టింది కానీ కదల్లేదు.

రెండు వారాలు ఆ తీగ ఎవరి కంటా పడలేదు. కనపడేలా చేసింది నానమ్మే. డ్రయ్యర్‌లో వేస్తే నేత చీరలు కుంచించుకుపోతున్నాయని ఆమెకు మొదటినుంచీ బాధ. ఒక మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తుండగా, గంజి పెట్టిన పచ్చ మంగళగిరి చీరను కిటికీలోంచి తీగ మీదకు వేసి, కర్రతో నెడుతూ నెడుతూ బారుగా ఆరేసింది. ఎర్ర అంచున్న పచ్చ చీర పైన్ చెట్టుకూ ఇంటికీ మధ్య జెండాలా ఎగిరింది. అవతల పాల డబ్బా పూర్తిగా పైకి పోయి కప్పీకి తగులుకుంది.

నాలుగో రోజు కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. పెరట్లో బట్టలారేసే తీగలు నిబంధనలకు విరుద్ధం, అక్టోబరు ముప్పై సోమవారం లోపు తీసేయాలి.

"నీ చీరె ఆరేయడానికి నా తీగనే దొరికిందానే?" తాతయ్య అరిచాడు.

"మరి తీగ ఉన్నది దేనికండీ?"

"నీ కోసమే గదనే కట్టింది!"

"నా కోసం కట్టినదాని మీద నా చీర ఆరేస్తే తప్పా?"

 నా కోసం అన్న మాట దగ్గర తాతయ్యకు గోధుమరంగు కవరు గుర్తుకొచ్చి గొంతు తగ్గిపోయింది. అలేఖ్య ఉత్తరం చేతిలోకి తీసుకుని క్యాలెండర్ చూసింది. "మామయ్యా, పాట ఇరవై తొమ్మిదిన కదా? డెడ్‌లైన్ ముప్పై. ఇంకో రోజు మిగులుతుంది, టెన్షన్ పడకండి" అంది. సరే అన్నాడు. సోమవారం పొద్దున స్వయంగా తీసేస్తానని ఫణికి మాటిచ్చాడు.

ఇరవై ఎనిమిదో తేదీ శనివారం సాయంత్రం ఫణి, అలేఖ్య స్నేహితుల ఇంట్లో పుట్టినరోజుకు బయలుదేరుతున్నారు. చెప్పులు వేసుకుంటూ ఫణి అన్నాడు: "నాన్నా, ఇవాళ్టితో డేలైట్ సేవింగ్ అయిపోతుంది. తెల్లారేసరికి ఇక్కడ టైమ్ గంట వెనక్కి. గడియారాలు రేపు మారుస్తాలే."

"రేపెందుకురా, నేను ఖాళీగనే ఉన్న గద. అన్నీ తిప్పి పెడతా."

ఇంటినిండా ఒక పని దొరికింది తాతయ్యకు. కుర్చీ లాక్కుని హాల్లో గోడ గడియారం దించి తిప్పాడు. పొయ్యి మీద మెరిసే అంకెలతో, మైక్రోవేవ్ బటన్లతో చాలాసేపు కుస్తీ పట్టాడు. భోజనాల బల్ల దగ్గరిది, బాత్‌రూమ్‌లోది, అలేఖ్య చేతి గడియారం కూడా వదల్లేదు. పని మొదలుపెడితే మధ్యలో ఆపడం లైన్‌మన్‌కు చేతకాదు. ఒక్క స్తంభం వదిలేసినా లైను పలకదని ముప్పై ఆరేళ్లు కుర్రాళ్లకు చెప్పినవాడు. అలా చివరి గదికి, తమ గదికి వచ్చాడు. మంచం పక్కన ఎర్ర గడియారం ఉంది. దాన్నీ ఒక గంట వెనక్కి తిప్పాడు.

అమెరికా తన టైము మార్చుకుంటే ఇండియాకు ఏం పట్టిందన్న ఆలోచన అప్పుడు ఆయనకు రాలేదు. ఇండియాలో గంటలు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. క్యారీలో మంచం పక్కనున్న ఇండియా మాత్రం గంట వెనకబడింది. అన్ని గడియారాలూ తిప్పేసినందుకు తాతయ్య చేతులు దులుపుకుని హాయిగా పడుకున్నాడు.

ఆదివారం నానమ్మ పెందరాళే తలస్నానం చేసింది. ఉతికి మడత పెట్టిన పచ్చ మంగళగిరి చీర కట్టుకుంది, బొట్టు పెట్టుకుంది, జడ బిగించి అల్లుకుంది. స్టేషన్‌కు పాడటానికి వెళ్లేటప్పుడు అలాగే వెళ్లేదట. తాతయ్య రేడియో ముందు ఆమె కోసం మెత్త వేసిన కుర్చీ పెట్టాడు. తను మాత్రం నిలబడ్డాడు. కిటికీలోంచి చూశాడు, తీగ బిగువుగా ఉంది, పాల డబ్బా కదలకుండా వేలాడుతోంది, గాలి లేదు. ఇంతకంటే మంచి రోజు ఉండదు.

గోడ గడియారం ఎనిమిదింపావు. ఎర్ర గడియారం అయిదూ ముప్పావు. రెండూ రోజూలాగే కలిసి ఉన్నాయి. అనుమానించడానికి ఏమీ లేదు.

ముల్లు గుర్తు దగ్గరే ఉంది. నూనె మరుగుతున్న చప్పుడు. అటు వెంట్రుకవాసి, ఇటు వెంట్రుకవాసి. మరుగుతున్న నూనె. అయిదు నిమిషాలయింది. తాతయ్య క్లిప్పు తీసి మళ్లీ తగిలించాడు. తీగ ఎక్కడో తెగిందని కిందికి పరిగెత్తి, చెట్టు దాకా వెళ్లి, తలెత్తి చూసి, తిరిగి వచ్చాడు. తీగ బాగానే ఉంది. నానమ్మ కుర్చీలో ముందుకు వంగి, ఒడిలో రెండు చేతులూ కలిపి, రేడియోవంకే చూస్తోంది.

"వస్తదే. ఇప్పుడే వస్తది" అన్నాడు తాతయ్య.

ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. ఎప్పుడూ తనంతట తాను ఫోన్ చేయని పద్మ చేసింది. నానమ్మ స్పీకర్ నొక్కింది.

"అక్కా! విన్నావా? గంట నుంచి మీ ఇంటి లైను కోసం తంటాలు పడుతున్నాను, కలవడమే లేదు! నీ పేరు ఎంత చక్కగా చెప్పాడే, కుమారి అనంతలక్ష్మి అని! మా వీధిలో అందరినీ పిలిచి వినిపించాను. విన్నావా అసలు?"

గదిలో రేడియో ఇంకా మరుగుతూనే ఉంది. తాతయ్య చేయి ముల్లు మీదే ఉండిపోయింది. గంట నుంచి. ఆయన తల తిప్పి ఎర్ర గడియారాన్ని చూశాడు. రాత్రి తన వేళ్లు దాని వెనక మర తిప్పడం ఆయనకు కనిపించింది.

నానమ్మ కూడా ఎర్ర గడియారాన్ని చూసింది. ఆ తరవాత తాతయ్య మొహం చూసింది.

"విన్నానే" అంది ఫోన్‌లో.

"ఎలా ఉంది? చెప్పు!"

"ఏముందే... రెండో చరణంలో శ్రుతి కాస్త తగ్గింది కదూ?"

"ఎక్కడ తగ్గింది, నీ మొహం! గంట కొట్టినట్టు ఉంటేనూ. బావగారు ఉన్నారా? మొత్తానికి సాధించారని చెప్పు. ఫోన్‌లో వద్దన్నారని అప్పుడు కోపం వచ్చింది కానీ..."

"చెబుతాలే. బిల్లు అవుతుంది, పెట్టెయ్" అంది నానమ్మ.

ఫోన్ పెట్టేశాక ఆమె లేచి రేడియో ఆపేసింది.  ఏదైనా అని ఉంటే, నీ తెలివి తెల్లారినట్టే ఉంది అని మామూలుగా వెక్కిరించి ఉంటే, తాతయ్య గడియారం మీదా అమెరికా మీదా నాలుగు తిట్లు తిట్టి తప్పించుకునేవాడు. తన పరువు కాపాడటానికి ఆమె చెల్లెలితో అబద్ధమాడింది. అది ఆయనకు తట్టుకోవడం కష్టమైంది.

"లక్ష్మీ, రేడియోవాళ్లు నిన్ను మళ్లీ పిలిచిన్రు" అన్నాడు.

"ఎప్పుడు?"

"డెబ్బై రెండుల. కవరొచ్చింది. నేను ఇయ్యలే."

అంతా చెప్పాడు. తేదీ, వారం, మూడు గంటలు, పటకారు, మున్నేరు. వాన సంగతి చెప్పేటప్పుడు, కవరు వచ్చిన్నాడు వాన లేదని కూడా చెప్పాడు. నానమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడి వింది.

"వాళ్లు పిలిచారా?" అంది.

"పిలిచిన్రు."

"వాళ్లే పిలిచారా? నిజంగా?"

"నీ పేరు మీద, టైపు కొట్టి."

"నా గొంతు బాగాలేదనుకున్నానండీ" అంది నానమ్మ. "ఇన్నాళ్లూ."

ఆమె పచ్చ చీర విప్పి, ఇంట్లో కట్టుకునే పాత చీర కట్టుకుని, పచ్చ చీరను అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టి సూట్‌కేసు అడుగున పెట్టింది. కిందికి వెళ్లి బియ్యం కడిగింది. పదిన్నరకు ఫణీ అలేఖ్యా లేచి వచ్చి పాట ఎలా వచ్చిందని అడిగితే, బాగా వచ్చిందని చెప్పింది. తాతయ్య తల ఎత్తలేదు. ఆ రోజు ఆయనకు వడ్డించింది, మంచినీళ్లిచ్చింది, బీపీ మాత్ర గుర్తు చేసింది. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు.

సోమవారం పొద్దున మాటిచ్చిన ప్రకారం తాతయ్య పెరట్లోకి వెళ్లాడు. పాల డబ్బా విప్పి నీళ్లు మొక్కల మొదట్లో పోశాడు. బిగువు పోయిన తీగ మెల్లగా వంగి గడ్డి మీద వాలింది. ఎర్ల్ తన వరండాలోంచి చేయెత్తి ఏదో అడిగాడు. పాట వచ్చిందా అనే అయి ఉంటుంది. తాతయ్య చేయెత్తి ఊరుకున్నాడు.

ఎనభై అడుగులు ఒక్కడే చుట్టడం కష్టం, తీగ మెలికలు పడుతుంది. రెండుసార్లు చుట్టి రెండుసార్లు విప్పాడు. తలెత్తేసరికి నానమ్మ అవతలి కొస పట్టుకుని నిలబడి ఉంది. మెలిక పడకుండా చేతిలోంచి కొంచెం కొంచెం వదులుతూ, ఒక్కో అడుగూ ఆయన వైపు నడిచింది. ఆయన మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టాడు. కొస దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మధ్యా నాలుగడుగుల తీగ మిగిలింది.

"నెల రోజులు ఈ తీగ గురించి మాట్లాడారు" అంది నానమ్మ. "కప్పీ గురించి, బ్యాలెన్సు గురించి, ముల్లు గురించి. ఒక్కసారైనా అడిగారా, అది ఏ పాట అని?"

తాతయ్య చేతిలో చుట్ట ఆగిపోయింది. ఆయన ఆలోచించాడు. ఈ నెల రోజుల్లోనే కాదు, ముప్పై అయిదేళ్లలో అడగలేదు.

"ఏ పాట?" అన్నాడు.

నానమ్మ చేతిలోని కొసను చుట్టలోకి దోపి, ఊడిరాకుండా రెండు మెలికలు వేసింది.

"ఇప్పుడా?" అంది. చీరకు అంటుకున్న పైన్ ఆకు ఒకటి దులుపుకుని ఇంట్లోకి నడిచింది.

తాతయ్య ఆ చుట్ట భుజాన వేసుకున్నాడు. తరవాత మేడమీదికి వెళ్లి, ఎర్ర గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పి పెట్టాడు.